పోయేటప్పుడు చూసిన్రు, వచ్చినంక చూడలే!

పోయిన దసరాకు బుగ్గారంలో మా ఆడబిడ్డ ఇంటికి పోయాను. సద్దుల బతుకమ్మ అయిపోయిన మర్నాడు. వాకిట్లో ఇంకా గునుగు పూలు పడే ఉన్నాయి. ఏడో తరగతి చదివే వాళ్ళబ్బాయి ఎక్కడిదో పాత స్పీకరు పగలగొట్టి అయస్కాంతం సంపాదించాడు. ఇక చూడండి, వాడు ఆ అయస్కాంతం ఆనించని వస్తువు ఇంట్లో లేదు. బీరువా, బిందె, ఆఖరికి నా మెడలో గొలుసు కూడా! "అంటుకుంటలేదత్తా, అసలు బంగారమే" అని సర్టిఫికేటు కూడా ఇచ్చాడు.

అలా తిరిగి తిరిగి వాళ్ళ నాయన గల్ఫు నుంచి తెచ్చుకున్న నల్ల సంచి దగ్గరికి పోయాడు. అందులో పని బూట్లున్నాయి. రెండేళ్ళుగా ఎవరూ ముట్టనివి. వాడు బూటు కుట్ల వెంట అయస్కాంతం జరిపి పైకి తీశాడు. దాని చుట్టూ సన్నటి నల్లటి పొడి, గొంగళి పురుగు ఒంటి మీది నూగులా లేచి నిలబడింది. "నాయిన బూట్లకు గడ్డం మొలిచింది!" అని వాడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

మంచం మీద కూర్చున్న వాళ్ళ నాయన మాత్రం నవ్వలేదు. నవ్వితే అతనికి దగ్గు వస్తుంది.

అది ఇనుప రజను. కమ్మరి కొలిమి దగ్గరో, సాన పట్టేవాడి సైకిలు కిందో మనందరం చూసిందే. బూట్ల కుట్లలోనే అంత మిగిలిందంటే, తొమ్మిదేళ్ళు ఆ గాలి పీల్చిన మనిషి లోపల ఎంత మిగిలి ఉంటుందో? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో గల్ఫుకు మనిషిని పంపని వాడకట్టు ఉండదు. మా ఆడబిడ్డ భర్త కూడా అలాగే పోయాడు. నాకు అన్న వరస. 2014లో పోయి 2023లో వచ్చాడు. ఒక నగరంలో మెట్రో రైలు సొరంగంలో పని. నేరుగా మెట్రోవాళ్ళ కొలువు కాదు, ఒక కాంట్రాక్టు కంపెనీ కింద. వీసా మీద 'క్లీనర్' అని రాసి ఉంది. మాకు తెలిసింది అంతే. మా ఆడబిడ్డను ఎవరైనా అడిగితే "రైలు కంపెనీల పని" అనేది. నేనైతే ఇంకాస్త గొప్పగా, "మా అన్నకు ఎండదెబ్బ భయం లేదు, భూమిలోపల చల్లగ పని" అని పేరంటాల్లో చెప్పుకున్నాను. ఎడారి ఎండలో ఇనుప కడ్డీలు మోసేవాళ్ళతో పోలిస్తే మా అన్నది అదృష్టం అనుకున్నాం. తొమ్మిదేళ్ళలో వారం వారం ఫోన్లో మాట్లాడుకున్నాం. తిన్నావా, పైసలు పడ్డయా, పిల్లలు చదువుతున్నరా... ఇవే. "రాత్రంతా నువ్వు అక్కడ చేసే పనేంది?" అని ఒక్కరం అడగలేదు.

ఆ మర్నాడు నేనే అడిగాను. ఆగి ఆగి చెప్పాడు.

ఆఖరి బండి పోయినంక కరెంటు బందు చేస్తారట. అప్పుడు ఇరవైమందో, పాతికమందో లోపలికి దిగుతారు. తెల్లవారుజామున మొదటి బండి వచ్చేలోగా పని ముగించి బయటపడాలి. ఉన్నది మూడు, నాలుగు గంటలే. పట్టాల మీద గరుకు తేలిన చోట గ్రైండరుతో నున్నగా అరగదీయాలి. అతుకులు వెల్డింగు చేసేవాళ్ళు చేస్తుంటే, ఆ పక్కనే వీళ్ళు పట్టాల కింద పేరుకున్న నల్లమట్టిని బ్రష్షులతో ఊడ్చి సంచులకెత్తాలి. తొందరగా కావాలంటే బ్లోయరు పెట్టి ఊదుతారు. ఊదితే ఏమవుతుంది? కింద ఉన్నది పైకి లేస్తుంది!

"ముక్కుకు ఏం కట్టుకునేటోళ్ళు?" అన్నాను.

"గుడ్డ మాస్కు ఇచ్చేటోళ్ళు చెల్లె, వారానికొకటి. రెండో రోజుకే నల్లగయ్యేది. మనిషన్నంక గాలి పీల్చాలె గద, పని బరువుకు దమ్ము ఆగకపోతె కిందికి గుంజేసుకునేటోళ్ళం. పొద్దుగాల రూముకు వచ్చి సబ్బు పెడితె చేతులు తెల్లగైతయి. ముక్కు చీదితె మాత్రం మూడు దినాలు నల్లగనే."

సొరంగంలోకి ఇంత ఇనుము ఎక్కడి నుంచి వస్తుందని మీకూ అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కత్తికి సాన పట్టేటప్పుడు రవ్వలు చూస్తాం కదా, రైలు నడిచినంతసేపూ జరిగేది అలాంటిదే. ఉక్కు చక్రం ఉక్కు పట్టాను రాసుకుంటుంది. మలుపుల దగ్గర ఇంకా గట్టిగా. స్టేషను స్టేషనుకూ బ్రేకు పడుతుంది, బ్రేకు అరుగుతుంది. కరెంటు అందుకునే భాగమూ అరుగుతుంది. అరిగిందంతా పొడే. అందులో ఎక్కువ పాలు ఇనుము, తుప్పు పట్టిన ఇనుము. దాంతోపాటు కొద్ది కొద్దిగా మాంగనీసు, క్రోమియం, రాగి, బ్రేకుల్లోంచి వచ్చే బేరియం. కాంక్రీటు గోడల నుంచీ, కంకర నుంచీ వచ్చే సిలికా మరొకటి. నేల మీద నడిచే బండి అయితే గాలి కొట్టుకుపోతుంది, వాన కడిగేస్తుంది. సొరంగంలో గాలీ లేదు, వానా లేదు. బండి వచ్చినప్పుడల్లా సైకిలు పంపులో పిడి నొక్కినట్టు గాలిని ముందుకు తోస్తుంది. అణిగిన దుమ్ము మళ్ళీ లేస్తుంది. లేచింది మళ్ళీ నలిగి ఇంకా సన్నమవుతుంది.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేం కాదు. లండన్‌లో భూగర్భ రైలు 1863లో మొదలైంది. ప్రపంచంలో అదే మొదటిది. అక్కడ రాత్రిపూట సొరంగాల్లో దిగి పట్టాల మీది దుమ్మూ, జుట్టూ, నూలుపోగులూ ఏరి శుభ్రం చేసేవాళ్ళను 'ఫ్లఫర్లు' అంటారు. ఎవరనుకున్నారు? చాలాకాలం ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. ఇంట్లో ఊడ్చేదీ మనమే, సొరంగంలో ఊడ్చేదీ మనమే! ఏ దేశమైనా చీపురు చేతికిచ్చే తీరు ఒకటే లాగుంది.

ఆ లండన్‌లోనే గాలి కాలుష్యం మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే వైద్య నిపుణుల సంఘం 2019 జనవరిలో ఒక నివేదిక బయటపెట్టింది. రోడ్డు పక్కన నిలబడితే ఘనపు మీటరు గాలిలో సన్నటి దుమ్ము సగటున 16 మైక్రోగ్రాములు. హాంప్‌స్టెడ్ అనే లోతైన స్టేషను ప్లాట్‌ఫారం మీద 492! ముప్ఫై రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు ఏడాది సగటున 5. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ఈ హద్దులు బయటి గాలికి సంబంధించినవి, సొరంగానికి అచ్చంగా వర్తించవు, నిజమే. కానీ ఊపిరితిత్తులకు అది బయటి గాలో, లోపలి గాలో తెలుస్తుందా?

2022లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు లండన్ స్టేషన్లలో, డ్రైవర్ల క్యాబిన్లలో సేకరించిన దుమ్మును పరీక్షించారు. మా మేనల్లుడి పద్ధతే, కాకపోతే వాళ్ళ అయస్కాంత పరికరాలు పెద్దవి. అందులో దొరికిన ఇనుప రేణువులు కొన్ని 5 నానోమీటర్లంత చిన్నవి. మన వెంట్రుకను అడ్డంగా పదివేల పేలికలు చీల్చితే ఒక్కో పేలిక ఎంత ఉంటుందో, అంతకంటే సన్నం. అంత సన్నం రేణువు ఊపిరితిత్తుల దగ్గర ఆగదు, రక్తంలోకి కూడా పోగలదు. ఇంకో సంగతి, ఆ ఇనుము బాగా తుప్పు పట్టిన రకమట. అంటే చాలాకాలంగా బయటికి పోయే దారి లేక అక్కడక్కడే తిరుగుతున్నదన్నమాట.

సరే, దుమ్ము ఉంది. జబ్బు చేస్తుందా? ఇక్కడే అసలు తిరకాసు.

స్వీడన్ పరిశోధకులు 2005లో స్టాక్‌హోమ్ సొరంగం దుమ్మునూ, వీధి దుమ్మునూ తెచ్చి ప్రయోగశాలలో ఊపిరితిత్తుల కణాల మీద వేసి చూశారు. సొరంగం దుమ్ము కణాల్లోని జన్యు పదార్థాన్ని దాదాపు 8 రెట్లు ఎక్కువగా దెబ్బతీసింది. అమ్మో అనిపిస్తుంది కదా! కానీ రెండేళ్ళ తర్వాత అదే నగరంలో భూగర్భ రైలు డ్రైవర్లకు గుండెపోట్లు ఎక్కువగా వస్తున్నాయా అని లెక్క తీస్తే, మిగతా శ్రామికుల కంటే ఎక్కువేం లేవని తేలింది. 2015లో ఫ్రాన్సు ఆరోగ్య భద్రతా సంస్థ ప్రత్యేకించి భూగర్భ రైళ్ళ పనివాళ్ళ మీదే నివేదిక తయారు చేసి, ఊపిరికీ గుండెకూ ముప్పు ఉంది, దుమ్ము తగ్గించమని చెప్పింది. నేను పైన చెప్పిన లండన్ వైద్యులు కూడా కొంత ముప్పు ఉండే అవకాశమే ఎక్కువ, ఎంతో కొలిచి చెప్పలేం అన్నారు.

ఒకరు ఉందంటారు, ఒకరు కనపడలేదంటారు. ఎవరి మాట నమ్మాలి? కథలు రాసుకునే నాకు శాస్త్రవేత్తలతో వాదించే తాహతు లేదు. కానీ ఇల్లు నడిపే మనిషిగా ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది. ఆ లెక్కల్లో ఎవరున్నారు? స్టాక్‌హోమ్‌లో లెక్క తీసింది డ్రైవర్లది. పర్మినెంటు కొలువులు, పుట్టినప్పటి నుంచీ చచ్చేదాకా రికార్డులుండే మనుషులు. క్యాబిన్లో కూర్చుని బండి నడిపేవాళ్ళు. పట్టాల మీద వంగి గ్రైండరు పట్టినవాడు వేరు. పైగా దగ్గు ముదిరినవాడు కొలువు మానేస్తాడు. కొలువులో మిగిలినవాళ్ళను లెక్కిస్తే అందరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. పెళ్ళిలో భోజనం బాలేదని లేచిపోయినవాళ్ళను వదిలి, కూర్చున్నవాళ్ళనే "ఎట్లుంది?" అని అడిగినట్టు!

ఇక మన గల్ఫు అన్నల సంగతి. రెండేళ్ళ కాంట్రాక్టు, మళ్ళీ రెండేళ్ళు, ఒంట్లో శక్తి తగ్గగానే "ఎగ్జిట్" ముద్ర. గాలి పీల్చింది ఆ నగరంలో, దగ్గు మొదలయ్యేది బుగ్గారంలో. ఆ నగరం పుస్తకాల్లో ఈ దగ్గు ఎన్నటికీ పడదు. అక్కడ ఎవరైనా పదేళ్ళ తర్వాత లెక్క తీస్తే మా అన్న అసలు ఉండడు. జబ్బు పడ్డవాళ్ళు సున్నా అని రాసుకుంటారు. రాసుకున్నది అబద్ధమూ కాదు.

ప్లాట్‌ఫారం అంచున అద్దాల తలుపుల సంగతి కూడా ఇలాంటిదే. దుబాయి మెట్రో 2009లో మొదలైనప్పటి నుంచీ ఆ తలుపులున్నాయి. మన చెన్నై భూగర్భ స్టేషన్లలోనూ ఉన్నాయి. బండి వచ్చి ఆగితేనే తెరుచుకుంటాయి. ఎవరూ పట్టాల మీద పడకుండా, ఏసీ చల్లదనం పోకుండా, దుమ్ము రాకుండా. ప్రయాణికులకు ఎంతో మేలు. దక్షిణ కొరియాలో సియోల్ నగరమంతా అలాంటి తలుపులు పెట్టాక ప్లాట్‌ఫారాల మీద దుమ్ము తగ్గింది. మరి ఆ దుమ్ము ఎటు పోయింది? రైలు పెట్టెల్లో పెరిగిందని అక్కడి పరిశోధకులే తేల్చారు. అద్దానికి ఇటువైపు మనం చల్లగా నిలబడతాం, అటువైపు దుమ్ము ఉండిపోతుంది. రాత్రి దిగేవాళ్ళు అటువైపే దిగుతారు. మన ముందుగది ఊడ్చి వంటింట్లోకి తోసినట్టుంది నాకైతే.

మన హైదరాబాదు మెట్రోలో 2017 నుంచి నడుస్తున్న బండ్లన్నీ స్తంభాల మీదే. సొరంగం లేదు. కానీ కలకత్తాలో 1984 నుంచి ఉంది. ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, ముంబయి... ఒక్కో ఊరూ భూమి కిందికి పోతోంది. ఆ పనుల్లో మన తెలుగువాళ్ళూ ఉంటారు. కాబట్టి ఇది ఒక్క గల్ఫు గోలే అనుకోవద్దు.

మళ్ళీ మా అన్న దగ్గరికి వస్తాను. వచ్చిన ఆరు నెలలకే దగ్గు పట్టుకుంది. ముందు అత్తగారు కోడల్ని అన్నది, "నీ బీడీల తంబాకు దుమ్ముకే నా కొడుక్కు దగ్గు" అని. మా ఆడబిడ్డ చేట ముందు పెట్టుకుని రోజుకు వెయ్యి బీడీలు చుట్టే మనిషి. పాపం, చేట తీసుకుని పక్కింటి అరుగు మీద కూర్చుని చుట్టుకొచ్చేది. (తంబాకు దుమ్ము ఆమెను ఏం చేస్తున్నదో ఎవరూ అడగలేదు. అది ఇంకోసారి రాస్తాను.) ఊళ్ళోవాళ్ళు సిగరెట్లన్నారు, తాగుడన్నారు. ఒక దవాఖానలో ఎక్స్‌రే తీసి, మచ్చలున్నాయి కాబట్టి టీ.బీ. అన్నారు. తెమడలో క్రిమి దొరకలేదు. అయినా మూడు నెలలు టీ.బీ. మందులు మింగాడు. మందుల వేడికి మనిషి సగమయ్యాడు తప్ప దగ్గు తగ్గలేదు. టీ.బీ. అని తెలియగానే చుట్టాలు గ్లాసు వేరు పెట్టడం మొదలుపెట్టారు. అది దగ్గు కంటే ఎక్కువ కోసింది అతన్ని.

చివరికి కరీంనగర్‌లో ఒక కుర్ర డాక్టరు, ఎక్స్‌రే చూడకముందే "ఏం పని చేసేవాడివి?" అని అడిగాడట. ఇటలీలో రమజ్జిని అనే వైద్యుడు 1700లో పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో ఈ ఒక్క ప్రశ్న చేర్చమన్నాడు. మూడు వందల ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఆ ప్రశ్న అడిగే డాక్టరు దొరకడం మన అదృష్టం మీదే ఆధారపడి ఉంది.

మా ఆడబిడ్డ "రైలు కంపెనీల పని సారూ" అన్నది. అన్న "క్లీనర్" అన్నాడు. డాక్టరు వదల్లేదు. ఎక్కడ క్లీనర్, ఏం ఊడ్చేవాడివి, పక్కన ఎవరు ఏం చేసేవారు, ఎన్నేళ్ళు... అంతా రాసుకున్నాడు. ఊపిరి ఊదించే పరీక్ష చేశాడు. స్కానింగ్ తీయించాడు. అప్పుడు చెప్పిన మాట ఇది. ఊపిరితిత్తుల్లో ఇనుము చేరితే కూడా ఎక్స్‌రేలో మచ్చలు పడతాయి. దాన్ని సిడెరోసిస్ అంటారు, వెల్డింగువాళ్ళలో కనిపిస్తుంది. ఒట్టి ఇనుమే అయితే అంత భయం లేదు, ఆ పని మానేస్తే కొన్నేళ్ళకు మచ్చలు పలచబడతాయి కూడా. దాంతోపాటు సిలికా పోతే మాత్రం లోపల గట్టిపడుతుంది. అది తగ్గేది కాదు, పైగా టీ.బీ.కి కూడా దారి తీస్తుంది. "మీకు ఏది ఎంత ఉందో, ఎప్పటి నుంచి ఉందో చెప్పాలంటే పాత ఎక్స్‌రే ఒకటి కావాలి. ఉందా?"

పాత ఎక్స్‌రే!

గల్ఫుకు పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట వినగానే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ఎందుకంటే పోయేముందు ప్రతివాడి రొమ్మూ ఎక్స్‌రే తీస్తారు. గంకా మెడికల్ అనేవాళ్ళం, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. రక్తం, మూత్రం, ఎక్స్‌రే. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి మానిన టీ.బీ. గీత ఒకటి కనపడినా 'అన్‌ఫిట్'. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన పైసలు నీళ్ళల్లో పోసినట్టే. మా వాడకట్టులో ఆ ఒక్క మాటకు మంచం పట్టినవాళ్ళున్నారు. అంత గట్టిగా చూస్తారు! దేశంలోకి అంటుజబ్బు రాకూడదని చూస్తారు, అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ ఫిల్ము మనిషి చేతికి ఇవ్వరు. మా అన్న దగ్గర ఉన్నది 'ఫిట్' అని ముద్ర వేసిన ఒక్క కాగితమే.

తిరిగి వచ్చేటప్పుడు? ఏ పరీక్షా లేదు. సామాను తూచారు. మనిషిని చూడలేదు.

"పోయేటప్పుడు సంతల ఎద్దును చూసినట్టు నోరు తెరిచి, రొమ్ము విప్పి చూసిన్రు వదినా. వచ్చినంక ఎవ్వలన్న చూసిన్రా?" అన్నది మా ఆడబిడ్డ. ఆమె పదో తరగతి కూడా చదువుకోలేదు. నేను డిగ్రీ చదివాను. ఇంత సూటి మాట నాకు తట్టలేదు.

మనకు దగ్గర్లోనే గోదావరిఖని ఉంది. సింగరేణిలో భూమి కిందికి దిగే కార్మికుడికి కొలువులో చేరేటప్పుడు ఒక పరీక్ష, ఆ తర్వాత కనీసం ఐదేళ్ళకోసారి పరీక్ష, రొమ్ము ఎక్స్‌రేతో సహా జరగాలని గనుల నియమాల్లోనే రాసుకున్నారు. వరుసగా ఫిల్ములు ఉంటాయి కాబట్టి బొగ్గు దుమ్ము ఎప్పుడు లోపలికి చేరిందో చూపించవచ్చు. అక్కడ అన్నీ సవ్యంగా జరిగిపోతున్నాయని కాదు. అడగడానికి ఒక కాగితం ఉంటుంది, అడిగే యూనియన్ ఉంటుంది. మెట్రో సొరంగం కూడా భూమి కిందిదే, అక్కడా దుమ్మే. కానీ అందులోంచి బొగ్గు తీయరు కాబట్టి అది గని కాదు! సిరిసిల్ల మగ్గాల మీద పత్తి దుమ్ముతో వచ్చే జబ్బుకూ, సిలికోసిస్‌కూ మన నష్టపరిహారపు చట్టం పట్టికలో చోటుంది. ఇనుప రజను పేరు పెట్టి అందులో లేదు. ఉన్నా, మా అన్నను పనిలో పెట్టుకున్నది ఇక్కడి కంపెనీ కాదు.

పోయేముందు తప్పనిసరిగా చేయించే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది కదా అంటారు. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. మంచిదే. కానీ తొమ్మిదేళ్ళపాటు రోజుకింత పీల్చిన దుమ్ము 'ప్రమాదం' కిందికి ఎట్లా వస్తుంది? మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో గల్ఫులో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. అదీ మంచిదే. మా ఆడబిడ్డ ఆ వార్త చదివించుకుని విని, కాసేపు ఊరుకుని, "అయితే బతికొచ్చుడు తప్పయిందా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

చేయగలిగినవి ఏమీ లేవా? ఉన్నాయి, అవేం బ్రహ్మవిద్యలు కావు. దుమ్మును ఊదకుండా పీల్చే యంత్రంతో తీయడం, తడిపి తీయడం. గుడ్డ మాస్కు బదులు ముఖానికి గట్టిగా పట్టే ఎన్ 95 లాంటిది ఇవ్వడం, అదీ రోజూ మార్చడం. కరోనా పుణ్యమా అని ఆ పేరు ఇప్పుడు మన ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. గ్రైండింగు చేసేటప్పుడు ఊడ్చేవాళ్ళను దూరంగా ఉంచడం. ఇవి కంపెనీలు చేయాల్సినవి. పైసలు ఖర్చయ్యేవి కాబట్టి ఎవరో ఒకరు గట్టిగా అడిగితే తప్ప కావు.

వెల్డింగు పనికి పోయిన మగవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఇంకో రెండు సంగతులు తెలుసుకోవాలి. వెల్డింగు పొగ క్యాన్సరు కలిగించేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2017లో తేల్చింది. లోహపు పొగ పీల్చేవాళ్ళకు న్యుమోనియా కూడా తొందరగా పట్టుకుంటుంది. అందుకే బ్రిటన్‌లో వాళ్ళకు న్యుమోనియా టీకా వేయించుకోమని ప్రభుత్వ వైద్యులే సలహా ఇస్తారు. మన డాక్టరును అడిగితే పోయేదేం లేదు.

మరి ఇంట్లో ఉన్న మనం? ఇప్పుడు వీడియో కాల్ ఉంది. ఏం కూర వండుకున్నావని అడిగే నోటితోనే, నిన్న రాత్రి ఏం చేశావు, పక్కన ఏ పని జరుగుతోంది, ముక్కుకు ఏం కట్టుకున్నావు అని అడగవచ్చు. పని చోటు ఫోటో, కంపెనీ గుర్తింపు కార్డు, జీతం చీటీ, అక్కడ దవాఖానకు పోతే ఇచ్చిన కాగితం, ఏది వచ్చినా దాచుకోవచ్చు. పోయేముందు ఇక్కడే మన ఖర్చుతో ఒక ఎక్స్‌రే, ఒక ఊపిరి పరీక్ష చేయించి ఫిల్ము మన దగ్గరే పెట్టుకోవచ్చు. సెలవు మీద వచ్చిన ప్రతిసారీ మళ్ళీ చేయిస్తే ఏది ఎప్పుడు మారిందో తెలుస్తుంది. పని బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. ఇవన్నీ చెబుతుంటే మా ఇంటాయన "కంపెనీ చేయాల్సిన పని ఆడోళ్ళ మీద వేస్తున్నావు" అన్నారు. నిజమే. కానీ కంపెనీ చేసేదాకా దగ్గు ఆగుతుందా?

మొన్న సంక్రాంతి తర్వాత మళ్ళీ బుగ్గారం పోయాను. అన్న దగ్గు అట్లాగే ఉంది, మందులతో కాస్త అదుపులో ఉంది. పొలం దాకా నడిచిపోతాడు, వచ్చేటప్పుడు రెండుచోట్ల కూర్చుంటాడు. గ్లాసు మాత్రం మళ్ళీ అందరితో కలిసింది.

ఇంట్లో ఇంకో సందడి ఉంది. మా ఆడబిడ్డ మరిదికి, అంటే అన్న తమ్ముడికి వీసా వచ్చింది. ఇరవై ఆరేళ్ళవాడు. అదీ రైలు పనేనట, వీసా మీద 'లేబర్' అని ఉంది. వద్దని ఎవరు చెప్పగలరు? అన్న మందులకు అయ్యే ఖర్చు కూడా వాడి జీతంలోంచే రావాలి. మా ఆడబిడ్డ వాణ్ణి జగిత్యాలకు తోలుకొచ్చి ఎక్స్‌రే తీయించింది, ఊదించే పరీక్ష చేయించింది. డాక్టరుతో తారీఖు స్పష్టంగా రాయించింది. ఖర్చు బీడీల పైసల్లోంచి పెట్టింది. "నాకేమైందని ఇవన్ని?" అని వాడు దారి పొడుగునా సణిగాడు.

ఇంటికి రాగానే ఆమె బీడీల పీఎఫ్ కార్డు దాచుకునే రేకు పెట్టె తెరిచింది. ఫిల్ము అందులో పట్టలేదు. మలిస్తే పాడవుతుందని, పాత చీరలో చుట్టి బీరువా మీద పెట్టింది. కాగితం మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేసి, మరిది వైపు తిరిగి అన్నది:

"పైసలు పంపకున్నా ఒక నెల ఊకుంట గని, ఏం పని జేస్తున్నవో మాత్రం నాకు చెప్పాలె."